వ వత్తు లేని ద్వీపం

ముందే ఒక మాట చెబుతాను. ఈ కథ నేను పుస్తకాల భాషలో రాస్తున్నాను. పదో తరగతిలో "వచ్చాడు" అనాల్సిన చోట "అచ్చిండు" అని రాస్తే మా తెలుగు సారు మార్కులు కోసేవాడు. ఆ భయం నా చేతికి ఇంకా పోలేదు. నోటికి మాత్రం ఏనాడూ ఏ భయమూ లేదు. కావాలంటే మా ఆయన్ను అడగండి.

మా ఆయన పేరు వేణు. రాయికల్‌లో మైకు వేణు అంటే తెలియనివాళ్ళు లేరు. ఆటో మీద రెండు గొట్టాలు కట్టుకొని ఊరూరా తిరిగి చెప్పడం ఆయన పని. కంటి ఆపరేషన్ల క్యాంపు, కొత్త చెప్పుల దుకాణం, తప్పిపోయిన బర్రె, ఏదైనా ఆ గొంతులోంచే రావాలి. గొంతుకు వంక పెట్టలేం. పక్క వాడలో చెబితే మా ఇంట్లో గిన్నెలు మోగేవి. కానీ చెప్పేదంతా ఎవరో రాసిచ్చిన కాగితమే. మా అత్త నర్సక్కకు చెవులు సగమే పనిచేస్తాయి. ఆ సంగతి మాత్రం ఆమెకు పూర్తిగా వినబడింది.

"గన్ని ముచ్చట్లు చెప్తవ్ గదరా, గండ్ల ఒక్కటన్న నీది ఉన్నదా?" అనేది కొడుకును.

పైకి నవ్వేవాడు గానీ, ఆ పూట అన్నం సగంలో లేచేవాడు. ఒక్కసారి పెద్ద స్టేజీ మీద, చేతిలో కాగితం లేకుండా, తన సొంత మాట రెండు నిమిషాలు మాట్లాడాలి. ఆ మనిషికి ఉన్న కోరిక అదొక్కటే. నిద్రలో కూడా "సభకు నమస్కారం" అనేవాడు. నేను మోచేత్తో పొడిస్తే గానీ సభ ముగిసేది కాదు.

అవి తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరుగుతున్న రోజులు. బస్సులు లేవు, బడులు లేవు. బొగ్గు బావుల్లో పని ఆగింది గనక కరెంటూ లేదు. నేనూ అత్తా బీడీలు చుట్టేవాళ్ళం. చీకట్లో చుట్టిన బీడీ ఒకటి లావు, ఒకటి సన్నం. కార్ఖానాలో వాటిని ఏరి పక్కన పారేసేవాళ్ళు. "ఒక్క కందిలి ఉంటే సాలు" అని అత్త రోజూ అదే పాట. లాంతరును మా వైపు కందిలి అంటాం. మా పాత కందిలి తుప్పు పట్టి అడుగు ఊడిపోయింది. కొత్తది కొందామంటే జగిత్యాల మొత్తం తిరిగినా దొరకలేదు.

అలాంటప్పుడు మాధవ రావు సారు మా ఆయన్ను పిలిపించాడు. వాళ్ళది ఒకప్పుడు దొరల ఇల్లు. ఆయన లెక్చరర్‌గా రిటైరై, ఇప్పుడు ఉద్యమంలో పెద్దమనిషి. ఎవరైనా దొర అంటే మండిపడతాడు, సార్ అనాలి. మా అత్త మాత్రం దొర అనే పిలుస్తుంది. ఆమె పిలిస్తే మండిపడుతూనే పలుకుతాడు.

"వేణూ, మా బిడ్డ హర్షిత సినిమా తీసింది. కథల సినిమా గాదు, డాక్యుమెంటరీ. శుక్రవారం సాయంత్రం బడి గ్రౌండ్ల చూపిస్తున్నం. జనం రావాలె."

"తెస్త సార్."

"గ్రౌండు నిండితే ఆదివారం కోరుట్ల సభల మైకు నీకే. నువ్వు కూడ రెండు నిమిషాలు మాట్లాడాలె. నిండలేదనుకో, జలపతి ఉండనే ఉన్నడు."

జలపతి అంటే జగిత్యాలలో డీజే పెట్టెల ఓనరు. గొంతు తగరపు డబ్బా, పెట్టెలు మాత్రం మా ఆటో కంటే ఎత్తు. సినిమాకు తెరా పెట్టెలూ అతనే తెస్తున్నాడట. ఆ పేరు వినగానే మా ఆయనకు ఒళ్ళంతా కారం రాసినట్టయింది. కాగితం జేబులో పెట్టుకొని, టీ కూడా తాగకుండా ఆటో తీశాడు.

ఆ కాగితం మీద ఇలా ఉంది: "హరికేన్ ద్వీపం. మారుతున్న వాతావరణంపై చిత్రం. ఉచిత ప్రదర్శన. అందరూ ఆహ్వానితులే."

నేను కార్ఖానాలో బీడీలు అప్పజెప్పి ఇంటికి వస్తున్నాను. మలుపు అవతల నుంచి మా ఆయన గొంతు.

"అమ్మలారా, అక్కలారా! చీకట్ల పరేషాన్ అయితున్న అన్నలారా! శుక్రవారం పొద్దుగూకంగ, రాయికల్ బడి గ్రౌండ్ల కందిలి! కందిలి! కందిలి! ఉచితం! ఎవ్వలన్న రావచ్చు!"

నడిరోడ్డు మీద బీడీల చాట అడ్డం పెట్టి నిలబడ్డాను. ఆటో ఆగింది.

"ఏం కందిలి? ఎవలిస్తుండ్రు?" అన్నాను.

"కాగితం సూడు. హరికేన్ అని లేదా? చిన్నప్పుడు పుస్తకంల హరికేన్ లాంతరని బొమ్మ సూడలే? పుస్తకపోళ్ళు లాంతరంటరు, మనం కందిలంటం. మన కొట్లాటే మన భాష గురించి. వాళ్ళ మాట నేనెందుకు చెప్పాలె?"

"మరి ద్వీపం?"

"దీపమే. ఆంధ్రోళ్ళు రాసిండ్రేమో, ప్రతి దానికొక వత్తు తగిలిస్తరు. అయినా దీపమన్నంక వత్తి ఉండదా?"

"నా నెత్తి! దీపం గాదయ్యా, ద్వీపం! సుట్టు నీళ్ళు, నడుమ ఊరు! హరికేనంటే తుఫాను! మారుతున్న వాతావరణమని కింద కనవడుతలేదా?"

"కందిలి పొగ జేస్తది గద," అన్నాడు. "వాతావరణం మారదా?"

చాటతోనే ఒక్కటి వేద్దామనుకున్నాను. అంతలో ఆయనకే అనుమానం వచ్చి కాగితం మళ్ళీ చదివాడు. వ వత్తు మీద వేలు పెట్టి చాలాసేపు చూశాడు. వేలు తీస్తే అది పోతుందేమోనని ఆశ.

"వాపస్ పోయి తప్పయిందని చెప్పు," అన్నాను.

"బుగ్గారం దాకా చెప్పొచ్చిన, సరితా. మళ్ళ చెప్తే ఒక్కడన్న వస్తడా? నీళ్ళ నడుమ ఊరుంటే మనకేందంటరు. కోరుట్ల నా చేతులకెల్లి పోతది."

పెళ్ళినాడు కూడా నా వంక అంత దీనంగా చూడలేదు. తిడదామని నోరు తెరిచాను గానీ, కోరుట్ల అనేటప్పుడు ఆ గొంతు వణకడం విని మూసుకున్నాను.

ఇంటికి వచ్చేసరికి మా అత్త పొత్రపు రాయితో గోడకు మేకు కొడుతోంది. సున్నం పెళ్ళలు ఊడి బీడీ ఆకుల మీద పడుతున్నాయి.

"సూడు కొడుకా, కందిలికి జాగ జేసిన," అంది, నోరంతా నవ్వుతూ. "నువ్వు మైకుల చెప్పంగనే ఇన్న. గట్లాంటి పనికొచ్చే ముచ్చట చెప్పాలె."

పుట్టి బుద్ధెరిగాక తల్లి మెచ్చుకోవడం ఆయనకు అదే మొదలు. ఏం చెబుతాడు? పోయి ఆటో తుడుచుకుంటూ కూర్చున్నాడు. తుడిచిన చోటే మళ్ళీ తుడిచాడు.

శుక్రవారం బడి గ్రౌండు నిండిపోయింది. గోడల మీద జనం, ట్రాక్టర్ల మీద జనం. సంతకు కూడా అంతమంది రారు. ప్రతి ఒక్కరి చేతిలో ఒక సీసా. కందిలి ఇస్తే గ్యాస్‌నూనె, అదే కిరసనాయిలు, పోసుకోవాలి గదా, అందుకని నిండు సీసాలూ, అదీ ఇస్తారేమోనని ఖాళీ సీసాలూ పట్టుకొచ్చారు.

హర్షిత కళ్ళు చెమర్చాయి. ముప్పై కూడా నిండని పిల్ల, హైదరాబాదులో పెరిగింది, సముద్రాలు దాటి పోయి ఆ సినిమా తీసుకొచ్చింది. "నాన్నా, ఇంతమందా! హైదరాబాద్‌లో వేస్తే ఎవరూ రాలేదు," అంది.

"మనోళ్ళకు పర్యావరణం మీద గంత ప్రేమ," అన్నాడు మాధవ రావు సారు, మీసం సవరించుకుంటూ. అంతలో ఆయనకు సందేహం వచ్చింది. "వేణూ, అందరి చేతులల్ల గీ సీసాలేంది?"

మా ఆయన సీసాల వంక చూశాడు. "పర్యావరణం గద సార్... ప్లాస్టిక్ వద్దని అందరు గాజు సీసాలే తెచ్చుకున్నరు."

సారు ఆయన భుజం తట్టాడు. పక్కనే ఉన్న జలపతి గాలి పీల్చి చూశాడు. గ్యాస్‌నూనె వాసన తెలియని మొహమా అతనిది! చేతులు కట్టుకొని నవ్వుతూ తన పెట్టెలకు ఆనుకొని నిలబడ్డాడు.

అదృష్టమో దురదృష్టమో, ఆ సాయంత్రం కరెంటు ఉంది. సినిమా మొదలైంది. తెర నిండా నీలం రంగు నీళ్ళు, ఒడ్డున కొబ్బరి చెట్లు, తెల్లగా నురగ. మా వాళ్ళు "అబ్బా" అన్నారు. సముద్రం చూసినవాళ్ళు మాలో ఎవరున్నారు? ఆ తర్వాత ఆకాశం నల్లబడింది. చెట్లు నేలకు ఒంగాయి, రేకులు ఎగిరిపోయాయి. దానితో పాటే పెట్టెల్లోంచి ఒక ఆడగొంతు.

"ప్రచండ వాయుగుండ తాకిడికి ద్వీపవాసులు అతలాకుతలమైపోయారండీ. సాగరం నానాటికీ తీరాన్ని కబళించివేస్తోంది."

ఎల్లేశం లేచాడు. ఎల్లేశం ట్రాక్టరు డ్రైవరు, ధర్నాలో ముందు కూర్చునే మనిషి. "ఏయ్! గా వార్తలు బంద్ జెయ్యిండ్రి! ఊరంత సమ్మె జేస్తుంటె మా గ్రౌండ్ల అండీలేంది? మన భాషల చెప్పుండ్రి!"

"చెప్పాలె! చెప్పాలె!" అని గ్రౌండంతా అరిచింది. సారు ఉద్యమకారుడు గదా, ఏమంటాడు? గొంతు బంద్ చేయమని జలపతికి సైగ చేశాడు. బొమ్మ ఒక్కటే నడుస్తోంది. హర్షిత మొహం వాడిపోయింది. హైదరాబాదులో ఎవరితోనో చెప్పించిందట, అలా చెబితేనే బాగుంటుందని వాళ్ళే అన్నారట.

మాట లేకపోయేసరికి జనానికి తాము వచ్చిన పని గుర్తుకొచ్చింది.

"కందిళ్ళేయి?" అంది ఒకామె.

"ముందుగాల కందిళ్ళు పంచి, గప్పుడు సినిమా ఏసుకోండ్రి," అన్నాడు ఎల్లేశం. "ఓ మైకు వేణూ! నువ్వే గద ఉచితమన్నవ్?"

మాధవ రావు సారు మెల్లగా మా ఆయన వైపు తిరిగాడు. ఆ చూపు చూస్తే పాత దొరతనం ఎక్కడికీ పోలేదని తెలిసింది. "ఏం కందిళ్ళు, వేణూ?"

"సార్, అది... వ వత్తు సార్..."

"ఏం వత్తు?"

జలపతి పగలబడి నవ్వాడు. జనం సీసాలు ఒకదానికొకటి కొడుతున్నారు. మా ఆయన మైకు పట్టుకొని నిలబడ్డాడు. అంత గొంతూ ఎటు పోయిందో పోయింది. సారు "ఆదివారం జలపతి..." అని మొదలుపెట్టడం నా చెవులతో విన్నాను. ముందుకు పోయి ఆ జలపతి పెట్టెలను తన్నుదామని కొంగు దోపాను. దోపాను, నిజం.

అప్పుడు ముందు వరసలోంచి మా అత్త గొంతు వినబడింది. చెవులు సరిగా వినబడనివాళ్ళు ఎంత గట్టిగా మాట్లాడతారో తెలుసు గదా.

"అగో! కందిలి!"

అందరూ తెర వైపు చూశారు. కూలిపోయిన ఇంటి ముందు ఒక ముసలామె కూర్చుని ఉంది. నల్లటి మనిషి, తలకు గుడ్డ కట్టుకుంది. ఇల్లు లేదు, నాలుగు గుంజలే మిగిలాయి. ఒడిలో మాత్రం ఒక కందిలి. అచ్చం మన కందిలే: అదే పట్టి, అదే గాజు బుడ్డి. దాన్ని చంటిపిల్లలా పట్టుకొని గౌను అంచుతో తుడుస్తోంది.

మా ఆయనకు ప్రాణం లేచొచ్చింది. "చెప్పిన్నా లేదా? కందిలి! ఉచితంగ సూపిస్తమన్నం, సూపిచ్చినం!" అని మైకులో అరిచాడు. జనంలో కొందరు నవ్వారు, కొందరు తిట్టారు.

మా అత్త లేచి తెర దగ్గరికి నడిచింది. ఆ ముసలామె మొహం మీద ఈమె నీడ పడింది.

"గిదేనారా మాకిచ్చేది?" అంది. "గీమెకు గిదొక్కటే మిగిలినట్టున్నది గద! దీన్ని గుంజుకొచ్చి మాకిస్తరా? ఏం మనుషులు దొరా మీరు? నాకొద్దు. గామెకే ఉండనియ్యి."

సీసాల చప్పుడు ఆగిపోయింది. ఎల్లేశం తన సీసాను వెనక దాచుకున్నాడు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

కరెంటు పోతే మామూలుగా జనం లేచిపోవాలి. ఒక్కరూ లేవలేదు. చీకట్లోంచి ఎవరో అడిగారు. "గామెకు ఇల్లు కట్టిచ్చిండ్రా?"

"నాకు... తెలియదు," అంది హర్షిత. "షూటింగ్ అయ్యాక నేను వచ్చేశాను."

"మరి ఫోన్ జేసి అడుగు, బిడ్డా," అంది మా అత్త. అదేదో బుగ్గారానికి చేసినట్టు.

హర్షిత నిజంగానే చేసింది. ఆ ముసలామె పక్కింటి పిల్లవాడి నంబరు ఉందట. జలపతి పెట్టెలు కరెంటు లేక మూగబోయాయి. మా మైకు ఆటో బ్యాటరీతో నడుస్తుంది, దానికి సర్కారు అక్కర్లేదు. మా ఆయన ఫోనును మైకు దగ్గర పట్టుకున్నాడు. ట్రింగు ట్రింగు మని రాయికల్ మొత్తం మోగింది.

"అక్కడ ఇప్పుడు పొద్దున," అని హర్షిత చెప్పింది.

"మనకు పొద్దుగూకితే వాళ్ళకు తెల్లారుతదా?" అని ఒకామె ఆశ్చర్యపోయింది.

"గందుకే, మన కరెంటు అటు పోయింది," అన్నాడు ఎల్లేశం.

ఆ ముసలామె పేరు ఓడెట్. మా అత్తకు అది ఓదెలు అని వినబడింది. ఓదెల మల్లన్న మావైపు దేవుడు, ఆ పేరు ఇంటింటికీ ఉంటుంది. "మనోళ్ళే," అంది. ఆ క్షణం నుంచి ఆమె ఓదెలవ్వ అయిపోయింది. ఓదెలవ్వ తన భాషలో మాట్లాడితే పక్కింటి పిల్లవాడు ఇంగ్లీషు చేసేవాడు, హర్షిత తెలుగు చేసేది, మా ఆయన దాన్ని మా మాట చేసేవాడు.

"ఆమె గృహం పునర్నిర్మాణం జరగలేదు. సముద్రం ఇంకా ముందుకు వచ్చింది," అంది హర్షిత.

"ఇల్లు ఇంక లేవలేదట," అన్నాడు మా ఆయన. "సముద్రం ఏటికేడు దగ్గెరికొస్తున్నదట. కొబ్బరి తోట ఉన్న జాగల ఇప్పుడు పడవలు తిరుగుతున్నయట. గుట్ట మీద బిడ్డ ఇంట్ల ఉంటున్నదట. పొద్దున లేచి కిందికి చూస్తె తన ఊరే గుర్తు పట్టొస్తలేదట."

చీకట్లో ఆడవాళ్ళు అయ్యో అయ్యో అనడం నాకు వినబడింది. మా ఆయన చేతిలో కాగితం లేదు. ఉన్నా చీకట్లో చదవలేడు.

"కందిలి పైలమా?" అని మా అత్త అడిగింది.

ప్రశ్న అన్ని గొంతులూ దాటి పోయింది, జవాబు అన్ని గొంతులూ దాటి వచ్చింది. కందిలి భద్రంగానే ఉందట. తర్వాత ఓదెలవ్వే ఏదో అడిగింది. హర్షిత చిన్నగా నవ్వింది. "మీరు చీకట్లో ఉన్నారని చెప్పాను. అక్కడ కూడా తుఫాను వచ్చిందా అని అడుగుతోంది."

మాధవ రావు సారు గొంతు సవరించుకున్నాడు. "పందొమ్మిది వందల యాభై ఆరుల..."

"నాన్నా, బ్యాలెన్స్ అయిపోతుంది!"

మా ఆయన మైకు దగ్గరికి వంగాడు.

"అవ్వా, తుఫాను గాదు. గీ చీకటి మేమే పెట్టుకున్నం. బొగ్గు బాయిలోళ్ళు పని బంద్ వెట్టిండ్రు, బస్సులోళ్ళు బంద్ వెట్టిండ్రు, బడి సార్లు బంద్ వెట్టిండ్రు. మా ఊరి మీద మాట మాదే ఉండాలని. మా అవ్వ చీకట్ల బీడీలు చుడుతది, తిడుతది, గని సమ్మె ఆపుండ్రని ఒక్కనాడు అనలే. నీ ఊరు నీకు కావాలె, మా ఊరు మాకు కావాలె. నీది సముద్రంతోని కొట్లాట, మాది ఢిల్లీతోని. జర ఓర్సుకో అవ్వా. మేము గూడ ఓర్సుకుంటున్నం."

హర్షిత అదంతా ఇంగ్లీషులో చెప్పింది. తర్వాత ఓదెలవ్వ ఒక మాట మొదలుపెట్టింది. అంతలో మైకులో మరో ఆడగొంతు గణగణమంది.

"క్షమించండి. మీ ఖాతాలో తగినంత నిల్వ లేదు."

"గా అండీలామె మళ్ళచ్చింది!" అని ఎల్లేశం అరిచాడు. గ్రౌండంతా ఒక్కసారి నవ్వింది. నవ్వుతూనే ఎవరో "జై తెలంగాణ" అన్నారు, ఎవరో "జై ఓదెలవ్వ" అన్నారు, రెండింటికీ జనం జై కొట్టారు.

పోయేముందు సారు మా ఆటో దగ్గరికి వచ్చాడు. "ఆదివారం కోరుట్లకు రా వేణూ. గిప్పుడు మాట్లాడిందే మాట్లాడు. కాగితం రాసుకోకు, నీకు చదువుడు అచ్చొస్తలేదు." వెనకే హర్షిత వచ్చి, "అన్నా, నా సినిమాకి మీరే గొంతు ఇవ్వాలి," అంది. మా ఆయన జలపతి వైపు ఒక్కసారి చూసి ఆటో తాళం తిప్పాడు. మైకు బ్యాటరీ మొత్తం తాగేసింది, ఆటో కదలలేదు. ఎల్లేశం, జలపతి కలిసి ఇంటిదాకా తోశారు.

ఇంట్లో చీకటి. మా అత్త తడుముకుంటూ గోడ దాకా పోయింది. మేకు చేతికి తగిలినట్టుంది, అక్కడే ఆగింది.

"కొడుకా."

"ఏందవ్వా?"

"ఇయ్యాల్ల నీ మాట ఇన్న."

ఆయన ముక్కు ఎగబీల్చడం వినబడింది. నాకూ కళ్ళు నిండాయి. చీకటి గనక ఎవరికీ తెలియలేదు.

"గని," అంది మా అత్త, "నేను ఓదెలవ్వ కందిలి ఒద్దన్న. కందిలే ఒద్దన్ననారా? మేకు ఉత్తగనే ఉన్నది. ఎప్పుడు తెస్తవ్?"